నాలుగు బైట్ల ఖాళీ

లినక్స్ కెర్నల్‌లో నెట్‌వర్క్ పరికరాల వివరాలు బయటికి చెప్పే చిన్న ఫంక్షన్ ఒకటి ఉంది. ఏ ప్రోగ్రామైనా అడిగితే, ఫలానా కార్డు ఏ మెమరీ చిరునామాల్లో ఉందో, ఏ ఇంటరప్టు వాడుకుంటోందో ఒక స్ట్రక్చర్‌లో నింపి పంపుతుంది. ఆ స్ట్రక్చర్‌లో ఎనిమిదేసి బైట్ల అంకెలు మూడు, రెండు బైట్లది ఒకటి, ఒక్కో బైటువి రెండు. కూడితే 28 బైట్లు. 2016 దాకా ఉన్న ఆ కోడ్ చదివితే వేలెత్తి చూపడానికి ఏమీ దొరకదు. స్ట్రక్చర్‌ను ప్రకటించిన చోటే ఆరు గళ్లకూ పేరుపేరునా ఆరు విలువలు ఇచ్చారు. ఒక్క గడినీ మరిచిపోలేదు.

అయితే కంపైలర్ దానికి కేటాయించేది 32 బైట్లు. ఇలాంటి స్ట్రక్చర్లను వరసగా పేర్చినప్పుడు ప్రతిదీ ఎనిమిదితో భాగించబడే చిరునామా దగ్గరే మొదలవ్వాలి కనుక, చివర నాలుగు బైట్లు తనంతట తానే చేరుస్తుంది. ప్యాడింగ్ అంటే ఇదే. ఈ బైట్లకు పేరుండదు, కోడ్‌లో ఎక్కడా కనిపించవు, అక్కడ ఏదైనా రాసి తీరాలని ఇలాంటి సందర్భంలో సీ భాష కంపైలర్‌ను నిర్బంధించదు. ఈ స్ట్రక్చర్ ఉండేది స్టాక్ మీద, అంటే ఫంక్షన్లు తమ తాత్కాలిక విలువలు పెట్టుకునే మెమరీలో. అంతకుముందు అదే స్టాక్ మీద నడిచిన ఫంక్షన్ ఏది వదిలి వెళితే అదే అక్కడ ఉంటుంది. పంపేటప్పుడు మాత్రం 32 బైట్లూ వెళతాయి.

సీవీఈ-2016-4486గా నమోదైన లోపం ఇదే. కాంగ్జీ లూ అనే పరిశోధకుడు పంపిన సవరణ కొన్ని వరసలే. ముందు మెమ్‌సెట్‌తో మొత్తం స్ట్రక్చర్‌ను సున్నాలు చేసి, ఆ తరువాత ఆరు గళ్లనూ ఒక్కొక్కటిగా నింపడం. నిజం చెప్పాలంటే పాత కోడే చూడముచ్చటగా ఉంటుంది. కొత్తది కాస్త మోటు. కెర్నల్ పనివాళ్లు అందాన్ని వదులుకుని ఈ మోటుతనాన్ని ఎంచుకున్న తీరు, ఆపైన ఆ మోటు పనిని కూడా మనిషి చేతిలోంచి తీసేసి యంత్రానికి అప్పగించిన తీరు నాకు ఎంతో ఇష్టం.

నాలుగు బైట్లు పోతే ఏమవుతుందని అడగవచ్చు. కెర్నల్ స్టాక్ మీద ఉండేవి మామూలు అంకెలు కావు. ఫంక్షన్లు తిరిగి వెళ్లాల్సిన చిరునామాలు, డేటా ఉన్న చోటుకు దారి చూపే పాయింటర్లు, ఒక్కోసారి గుప్తలేఖన కీలు అక్కడ ఉంటాయి. 2014లో వచ్చిన 3.14 వెర్షన్ నుంచి లినక్స్, కంప్యూటర్ లేచిన ప్రతిసారీ కెర్నల్‌ను మెమరీలో వేరే చోట దించే ఏర్పాటు చేసుకుంది. దాడి చేసేవాడికి ఏది ఎక్కడుందో తెలియకూడదన్నది దాని లెక్క. కెర్నల్ చిరునామా ఒక్కటి, అందులో సగం బయటపడినా ఆ లెక్క తప్పుతుంది. పైగా ఇక్కడ దొంగతనమేమీ జరగలేదు. ప్రాసెసర్ కట్టిన గోడ చెక్కుచెదరలేదు, అనుమతుల తనిఖీ సరిగ్గానే జరిగింది. కెర్నల్ తన చేత్తో తానే ఇచ్చింది. తుడవని పలక మీద కొత్త లెక్క రాసి పక్క పిల్లాడికి అందించినట్టు.

కెర్నల్ నుంచి ప్రోగ్రామ్ మెమరీలోకి డేటా పోయే దారులు ఎన్నున్నా, చాలామటుకు అవి కాపీ టు యూజర్ అనే ఒక ఇరుకు ద్వారం గుండానే పోతాయి. కాపలా పెట్టాలంటే అక్కడే పెట్టాలని ఎవరికైనా తోస్తుంది. పాక్స్ అనే భద్రతా బృందం ఏళ్ల కిందటే అలా చేసింది. ఆ ఆలోచనను కీస్ కుక్ 2016లో 4.8 వెర్షన్ ద్వారా అసలు లినక్స్‌లోకి తెచ్చాడు. ద్వారం దగ్గర కెర్నల్ ఇప్పుడు కాపీ అయ్యే ముక్కను పరీక్షిస్తుంది. అడిగినప్పుడు పంచే హీప్ మెమరీలోని వస్తువైతే కాపీ దాని హద్దు దాటకూడదు. స్టాక్ మీదిదైతే స్టాక్ హద్దుల్లోనే ఉండాలి. కెర్నల్ కోడ్ ఉన్న ప్రాంతాన్నైతే అసలు ముట్టుకోనివ్వదు.

రెండేళ్ల తరువాత వచ్చిన రెండో విడతలో పనితనం ఇంకా కనిపిస్తుంది. ఏ రకం వస్తువులో ఏ భాగం బయటికి పోవచ్చో ఆ వస్తువును పుట్టించే చోటే రాసిపెట్టారు. ఒక ప్రాసెస్ మెమరీ చిట్టా మొత్తాన్ని మోసే పెద్ద స్ట్రక్చర్‌ను తీసుకోండి. అందులో పాయింటర్లు కోకొల్లలు. దానికి తెరిచి ఉంచిన కిటికీ ఒక్కటే: ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడు దానికి అందజేసే సహాయక సమాచారపు పట్టిక. ఆ పట్టిక ఎక్కడ మొదలవుతుంది, ఎంత పొడవుంది అన్న రెండు అంకెలు పక్కపక్క వరసల్లో ఉంటాయి. ఆ స్ట్రక్చర్‌లోంచి దాని అవతల ఒక్క బైటు కాపీ చేయబోయినా కెర్నల్ ఒప్పుకోదు. ఇంత ఓపిగ్గా ఒక్కో వస్తువునూ విప్పి చూసి కిటికీ కొలత తీసిన పని ఎవరి కంటా పడదు.

ఇంత కాపలా ఉన్నా మన నాలుగు బైట్లు దర్జాగా దాటిపోతాయి. కాపీ అయ్యే బైట్లన్నీ వస్తువు హద్దుల్లోనే ఉన్నాయి, ద్వారం వదిలింది. ఎన్ని బైట్లన్నది దానికి తెలుసు. ఆ బైట్లలో ఎవరైనా ఏదైనా రాశారా లేదా అన్నది తెలియదు.

ఆ రెండో ప్రశ్నకు జవాబు కోసం జరిగిన వేటలో నాకు బాగా నచ్చినవి రెండు. గూగుల్ ప్రాజెక్ట్ జీరోలో ఉండగా మతేయుష్ యుర్చిక్ చేసిన పని మొదటిది. కెర్నల్ సోర్స్ కోడ్ చేతిలో లేని విండోస్‌ను పరీక్షించాలి. అందుకు ఆయన మొత్తం కంప్యూటర్‌నే సాఫ్ట్‌వేర్‌లో నడిపే బాక్స్ అనే పాత ఎమ్యులేటర్‌ను తీసుకున్నాడు. కెర్నల్ కొత్తగా మెమరీ తీసుకున్న ప్రతిసారీ దాన్ని మైల మెమరీగా గుర్తిస్తాడు. ఎవరైనా అందులో విలువ రాస్తే మైల పోతుంది. ఒకచోటి నుంచి మరోచోటికి కాపీ చేస్తే మైల కూడా వెంట పోతుంది. చివరికి ప్రోగ్రామ్ మెమరీలోకి మైల బైటు చేరితే గంట మోగుతుంది. ఒక్కో ఇన్‌స్ట్రక్షన్‌నూ ఎమ్యులేటర్ నమలాలి కనుక విండోస్ లేవడమే ఒక తతంగం. ఫలితం మాత్రం మైక్రోసాఫ్ట్ తలపట్టుకునేలా వచ్చింది: విండోస్ కెర్నల్‌లో డెబ్బైకి పైగా లోపాలు, లినక్స్‌లో పదికి పైగా చిన్నవి.

రెండోది నెట్‌బీఎస్‌డీ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్ల పనిముట్టు క్లీక్. 2018లో మాక్సీమ్ విల్లార్, థామస్ బరాబోష్ కలిసి చేశారు. దీనికి ఎమ్యులేటర్ అక్కర్లేదు, మైల లెక్కలు అక్కర్లేదు. కెర్నల్ మెమరీ తీసుకున్న ప్రతిసారీ దాన్ని ఒక గుర్తు బైటుతో నింపేస్తారు. కాపీ ద్వారం దగ్గర నిలబడి, బయటికి పోయే ముక్కలో ఆ గుర్తు ఎక్కడెక్కడ కనిపించిందో రాసుకుంటారు. కనిపించినంత మాత్రాన లీకు అని తేల్చలేం. అసలు డేటాలోనే అదే విలువ యాదృచ్ఛికంగా ఉండొచ్చు. అందుకని గుర్తు మార్చి మళ్లీ నడుపుతారు, మళ్లీ మార్చి మళ్లీ. అసలు డేటా గుర్తుతోపాటు మారదు. ప్రతి రౌండులోనూ అదే చోట ఆ రౌండు గుర్తే కనిపిస్తే, ఆ బైటును ఎవరూ ముట్టలేదనే అర్థం. వాకిలి ముందు కూర్చుని లెక్కపెట్టేంత సులువు పని.

ఇందులో చిక్కు స్టాక్ దగ్గర వచ్చింది. హీప్ మెమరీని పంచేవాడు ఒకడుంటాడు, అతని దగ్గర గుర్తు వేయవచ్చు. స్టాక్ మీద స్థలాన్ని పంచేవాడంటూ ఉండడు. ప్రతి ఫంక్షన్ తనంతట తానే తీసుకుంటుంది. క్లీక్ రచయితలు ఫజింగ్ వాళ్ల కోసం, అంటే అడ్డదిడ్డమైన ఇన్‌పుట్లతో కోడ్‌ను పరీక్షించేవాళ్ల కోసం, కంపైలర్‌లో ముందే ఉన్న సదుపాయాన్ని వాడుకున్నారు. కోడ్ ఎక్కడెక్కడ నడిచిందో తెలుసుకోవడానికి కంపైలర్ ఫంక్షన్లలోకి ఒక చిన్న పిలుపును చొప్పించగలదు. వీళ్లు ఆ పిలుపు అందిన ప్రతిసారీ స్టాక్‌లో కింద ఉన్న స్థలాన్ని గుర్తు బైటుతో పులిమేశారు. కవరేజీ కొలవడానికి పుట్టిన పనిముట్టును స్టాక్‌కు రంగు వేయడానికి తిప్పుకోవడం చూస్తే ముచ్చటేస్తుంది. ఆ తరువాత విల్లార్ చేతి మీదుగానే రాయని మెమరీని పట్టుకునే ఇంకా కచ్చితమైన పనిముట్టు కేఎంసాన్ నెట్‌బీఎస్‌డీలోకి వచ్చింది. 2020లో క్లీక్‌ను సోర్స్ నుంచి తీసేశారు. పని అయిపోయిన పనిముట్టును మమకారం లేకుండా పక్కన పెట్టడం కూడా పనితనంలో భాగమే.

వేటకు ఒక పరిమితి ఉంది. నడిచిన కోడ్‌లోని లోపమే దొరుకుతుంది. లక్షల వరసల డ్రైవర్ కోడ్‌లో చాలా భాగం పరీక్ష చేసేవాడి యంత్రంలో ఎప్పుడూ నడవదు, ఆ పరికరమే అక్కడ ఉండదు కాబట్టి. కాంగ్జీ లూ, ఆయన జార్జియా టెక్ సహచరులు 2016లోనే యూనిసాన్ అనే పరిశోధనలో మరో దారి సూచించారు. ఏ బైటు బయటికి పోగలదో కంపైలర్‌తోనే విశ్లేషించి, ముందుగా రాయకుండా పోగలిగిన వాటిని కంపైలరే సున్నా చేయాలి. మనిషి మరిచినా యంత్రం మరవదు.

2019లో లినక్స్ 5.3 వెర్షన్‌లో అలెగ్జాండర్ పొతాపెంకో తెచ్చిన మార్పు ఈ ఆలోచనను తెగింపుతో సరళం చేసింది. విశ్లేషణ వద్దు, హీప్‌లో మెమరీ ఇచ్చిన ప్రతిసారీ సున్నాలు చేసి ఇవ్వండి. లేదా వెనక్కి తీసుకున్న ప్రతిసారీ సున్నాలు చేయండి. రెండు ఐచ్ఛికాలు. ఇచ్చేటప్పుడు తుడిచినా తీసుకునేటప్పుడు తుడిచినా తుడిచే బైట్లు అవే కదా, ఖర్చూ అంతే ఉండాలి అనిపిస్తుంది. కానీ కెర్నల్ వాళ్ల కొలతలు అలా చెప్పవు. ఇచ్చేటప్పుడు తుడిస్తే చాలా పనుల్లో ఒక శాతం కన్నా తక్కువ నష్టం. తీసుకునేటప్పుడు తుడిస్తే మామూలుగా మూడు నుంచి ఐదు శాతం.

కారణం ప్రాసెసర్ కాష్‌లో ఉంది. మెమరీ తీసుకున్న కోడ్ మరుక్షణమే దాన్ని వాడుతుంది. అప్పుడు తుడిస్తే ఆ బైట్లు కాష్‌లోకి వచ్చి కూర్చుంటాయి, తుడిచిన శ్రమ రాబోయే పనికి పనికొస్తుంది. వదిలేసే మెమరీని ఎవరూ కాసేపు ముట్టరు. అదప్పటికే చల్లబడి ఉండొచ్చు. దాన్ని మళ్లీ కాష్‌లోకి లాగి తుడవడం దండగ, పైగా పనికొచ్చే వేరే డేటాను బయటికి నెడుతుంది. కెర్నల్‌నే కంపైల్ చేసే పరీక్షలో ఇచ్చేటప్పుడు తుడవడం వల్ల మొత్తం సమయంలో తేడా కొలత దోషంలోనే కలిసిపోయింది. అలాంటప్పుడు రెండో ఐచ్ఛికం ఎందుకంటే, వదిలేసిన మెమరీలో రహస్యాలు ఎక్కువసేపు నిలవకూడదనుకునే వాళ్ల కోసం. ఎవరికి ఏ భయమో వాళ్లే తేల్చుకోవాలి.

ఈ మార్పులో నన్ను ఆపిన వరసలు ఇంకొన్ని ఉన్నాయి. అన్నిటినీ సున్నా చేయమన్న మాటను గుడ్డిగా అమలు చేయలేదు. కొన్ని రకాల వస్తువులకు కన్‌స్ట్రక్టర్ ఉంటుంది: మొదటిసారి పుట్టినప్పుడే ఒక స్థితిలో పెట్టి, వదిలేసినా ఆ స్థితి అలాగే నిలుస్తుందన్న నమ్మకంతో మళ్లీ వాడతారు. వాటిని తుడిస్తే కెర్నల్ పగులుతుంది. ఇంకొన్ని వస్తువులను వదిలేశాక కూడా తాళం లేకుండా చదువుతున్న వాళ్లు ఉండవచ్చని ముందే ఒప్పందం ఉంటుంది. వాళ్ల కళ్ల ముందే సున్నాలు రాయకూడదు. ఈ రెండు మినహాయింపులూ నాలుగైదు వరసల్లో ఉన్నాయి. పెద్ద ఊడ్పు ఊడ్చేటప్పుడు ఏది ఊడ్వకూడదో తెలియడమే అసలు కష్టం.

హీప్ సంగతి అలా తేలింది. స్టాక్ కథలో స్టాక్‌లీక్‌ను దాటి ఏదీ లేదని నా అభిప్రాయం. ఇదీ పాక్స్ బృందం ఆలోచనే. అలెగ్జాండర్ పొపోవ్ దాన్ని అసలు లినక్స్‌కు సరిపడేలా మలిచాడు. పదిహేను సార్లు తిరగరాశాక, ఏడాదికి పైగా వాదాలు నడిచాక, 2018 చివర్లో 4.20 వెర్షన్‌లో చోటు దొరికింది. చెప్పడానికి ఒక్క మాట: ప్రోగ్రామ్ కెర్నల్‌ను పని అడిగే ప్రతి సిస్టమ్ కాల్ ముగిసి ప్రోగ్రామ్‌కు తిరిగి వెళ్లబోయే ముందు, కెర్నల్ ఆ కాల్‌లో వాడిన స్టాక్‌ను చెరిపేయాలి. 64 బిట్ ఎక్స్86లో ఒక్కో కెర్నల్ స్టాక్ 16 కిలోబైట్లు. ప్రతి కాల్‌కూ 16 కిలోబైట్లు చెరిపితే ఎవరూ భరించలేరు. ఎక్కువ కాల్స్ అందులో కొసరంత మాత్రమే వాడతాయి. కాబట్టి ఎంత లోతుకు వెళ్లారో తెలియాలి.

దాన్ని తెలుసుకునే పద్ధతిలోనే నేర్పంతా ఉంది. జీసీసీ కంపైలర్‌కు ఒక ప్లగిన్ రాశారు. స్టాక్ మీద వంద బైట్లు లేదా అంతకు మించి తీసుకునే ఫంక్షన్లలోకి మాత్రమే అది ఒక పిలుపును చొప్పిస్తుంది. ఇప్పటిదాకా చేరిన అతి లోతైన చిరునామాను ఆ పిలుపు గుర్తుపెట్టుకుంటుంది. చిన్న ఫంక్షన్లను వదిలేస్తే ఖర్చు తగ్గుతుంది, కానీ గుర్తుపెట్టుకున్న లోతు కాస్త తక్కువగా ఉండొచ్చు. ఆ లోటును చెరిపే చోట పూడుస్తారు. గుర్తున్న చోటు నుంచి ఇంకా కిందికి వెతుకుతూ వెళ్లి, గతసారి చెరిపినప్పుడు వేసిన విలువ వరసగా తగినంత మేర కనిపిస్తే, అక్కడి దాకా ఈసారి ఎవరూ రాలేదని తేల్చుకుంటారు. చెరిపిన గుర్తే తరువాతి సారికి కొలబద్ద అవుతుంది. వేరే లెక్కల పుస్తకం అక్కర్లేదు.

చెరిపేది కూడా సున్నాతో కాదు. మైనస్ 0xబీఫ్ అనే రుణసంఖ్యతో. హాస్యంలా కనిపించినా అది ఆచితూచి ఎంచుకున్నది. 64 బిట్లలో ఆ సంఖ్యను చిరునామాగా చదివితే, మెమరీ పటంలో ఎవరూ వాడని ఖాళీ జాగాలో పడుతుంది. ఏదైనా లోపం వల్ల కెర్నల్ ఆ పాత స్టాక్ విలువను పాయింటర్‌గా భావించి వెళితే, అక్కడికక్కడే ఆగిపోతుంది. లీకును ఆపే గుర్తే ఇంకో తప్పుకు ఉచ్చు కూడా అవుతుంది. ఒకే ప్రాసెసర్ మీద కెర్నల్ కంపైల్ చేస్తే ఇదంతా కలిపి ఒక శాతం ఆలస్యం. ఇది ఏం ఆపదో కూడా స్పష్టం: ఒకే సిస్టమ్ కాల్ లోపల ఒక ఫంక్షన్ వదిలింది ఇంకో ఫంక్షన్ ప్యాడింగ్‌లోకి చేరి అదే కాల్‌లో బయటికి పోతే స్టాక్‌లీక్ చేయగలిగింది లేదు. కాల్‌కూ కాల్‌కూ మధ్య మాత్రమే దాని కాపలా.

ఆ మిగిలిన సందును మూయడానికి కంపైలరే ప్రతి స్థానిక చరరాశికీ మొదటి విలువ ఇవ్వాలి. 2018 చివర్లో క్లాంగ్ కంపైలర్‌కు ఆ ఐచ్ఛికం వచ్చింది. అక్కడ ఒక వింత గొడవ. గుర్తించదగిన పిచ్చి విలువతో నింపాలా, సున్నాతో నింపాలా? కంపైలర్ వాళ్లలో చాలామంది సున్నాకు వ్యతిరేకం. సున్నా అలవాటైతే ప్రోగ్రామర్లు మొదటి విలువ ఇవ్వడం మానేసి దాని మీదే ఆధారపడతారని, సీ భాష రెండు మాండలికాలుగా చీలుతుందని వాళ్ల భయం. చివరికి సున్నాను ఇచ్చారు గానీ, దాన్ని వాడాలంటే ఇంకో ఐచ్ఛికం కూడా టైప్ చేయాలని షరతు పెట్టారు. "ఇది క్లాంగ్ నుంచి తొలగిపోతుందని తెలిసే వాడుతున్నాను" అన్న అర్థం వచ్చేలా ఆ ఐచ్ఛికం పేరే ఒక వాక్యమంత పొడుగు. ఇంజినీర్లు అలిగితే ఇలాగే ఉంటుంది.

కెర్నల్ వాళ్ల వాదం వేరే. లీకు ఆగడం ఒక్కటే వాళ్లకు చాలదు. లోపం ఉన్నా కెర్నల్ వీలైనంత సురక్షితంగా తప్పటడుగు వేయాలి. పరిమాణం సున్నా అయితే ఏమీ కాపీ కాదు. పాయింటర్ సున్నా అయితే వెంటనే పట్టుబడుతుంది. సూచిక సున్నా అయితే పట్టిక హద్దులోనే ఉంటుంది. పిచ్చి విలువ పరిమాణంగా మారితే మాత్రం ఎంత దూరం కాపీ అవుతుందో చెప్పలేం. మైక్రోసాఫ్ట్ తన కంపైలర్‌లో ఇదే పని చేసినప్పుడు కూడా విడుదలయ్యే విండోస్‌కు సున్నానే ఎంచుకుంది. నాకు ఈ వాదమే బలమైనదిగా కనిపిస్తుంది. కాలం కూడా ఇటే మొగ్గింది. జీసీసీ 2022లో 12వ వెర్షన్‌లో సున్నాను ఏ అలకా లేకుండా ఇచ్చింది, క్లాంగ్ కూడా తరువాత ఆ పొడుగు ఐచ్ఛికం అవసరాన్ని తీసేసింది. అంతకుముందే ఆండ్రాయిడ్ 11 నుంచి ఫోన్ల కెర్నల్‌లో స్టాక్‌కూ హీప్‌కూ మొదటి విలువలు ఇచ్చే ఏర్పాట్లు చేర్చారు. రోజూ చేతిలో పట్టుకు తిరిగే ఫోన్ ఈ వాదంలో ఎవరిది గెలుపో చెబుతూనే ఉంది, వినేవాళ్లు లేరు గానీ.

వేట మాత్రం ఆగలేదు. 2022 డిసెంబరులో 6.1 వెర్షన్‌తో కేఎంసాన్ అసలు లినక్స్‌లో చేరింది. యుర్చిక్ ఎమ్యులేటర్‌లో చేసిన పనిని ఇది కంపైలర్‌తో చేయిస్తుంది. కెర్నల్‌లోని ప్రతి బైటుకూ ఒక నీడ బైటు ఉంటుంది, ఏ బిట్‌లో విలువ రాశారో ఏ బిట్‌లో రాయలేదో అందులో తెలుస్తుంది. ప్రతి నాలుగు బైట్లకూ ఇంకో నాలుగు బైట్లు పుట్టుపూర్వోత్తరాల కోసం: ఈ మైల ఎక్కడ పుట్టింది, ఏ ఫంక్షన్‌లో, ఏ పిలుపుల వరసలో. రాయని విలువను కాపీ చేస్తే అది అరవదు, నీడను కూడా కాపీ చేసి ఊరుకుంటుంది. ఆ విలువ మీద నిర్ణయం తీసుకున్నప్పుడు, లేదా అది ప్రోగ్రామ్‌కు దాటబోయినప్పుడు అరుస్తుంది. అందుకే దాని నివేదికల్లో తప్పుడు కేకలు తక్కువ, రెండు చిరునామాలు ఎక్కువ: లీకు బయటపడిన చోటు, లీకు పుట్టిన చోటు. మెమరీ ఎన్నో రెట్లు తింటుంది, నడక మందగిస్తుంది. దీన్ని పరీక్షశాలలో తప్ప నడపరు.

ఈ పరీక్షశాల కెర్నల్‌ను తయారుచేసేటప్పుడు సెట్టింగుల ఫైలులో ఒక షరతు కనిపిస్తుంది. హీప్‌ను సున్నా చేసే ఐచ్ఛికాన్ని ఎంచుకుందామంటే కుదరదు, స్టాక్‌ను సున్నా చేసేదీ కుదరదు. కేఎంసాన్ ఉంటే అవి ఉండకూడదని రాసిపెట్టారు. అన్నిటినీ ముందే తుడిచేస్తే పట్టుకోవడానికి మైల మిగలదు మరి. జనం వాడే కెర్నల్‌లో ప్రతి బైటూ కడిగే అదే మనుషులు, వేటాడే కెర్నల్‌ను మాత్రం పట్టుబట్టి కడగకుండా ఉంచుతారు.